కార్బురేటర్‌లో అక్షింతలు

రెండో జంప్ ఎక్కుతూ యాక్సిలరేటర్ వదిలేశాను. నా మణికట్టు ముందుకు తిరిగింది. ఇంజన్ మాత్రం వినలేదు, అరుస్తూనే ఉంది. మూడేళ్లుగా ఆ బండి నా చేతి మాట జవదాటింది లేదు. అందుకే ముందు నాకు భయం కలగలేదు, నమ్మబుద్ధి కాలేదు. ‘ఇదేంటి, నేను వదిలేశాను కదా’ అని గాలిలో ఉండగానే అనుకున్నాను. హ్యాండిల్ మీద ఎర్ర బటన్ నొక్కితే ఇంజన్ ఆగిపోతుంది. బొటనవేలు దాని దాకా వెళ్లేలోపే, నేను దిగాల్సిన వాలు నా కిందనుంచి దాటిపోయింది. చదును నేల మీద పడ్డాను. తొడ ఎముక విరిగిన చప్పుడు హెల్మెట్ లోపలికి వినిపించింది.

మోటోక్రాస్ అంటే మట్టితో గుట్టలూ గుంతలూ చేసి, వాటి మీదుగా బండ్లు ఎగరేస్తూ పెట్టే పోటీ. మా బహదూర్‌పురాలో ఆ పేరు ఎవరికీ ఎక్కలేదు. ఎగ్జిబిషన్‌లో చెక్క బావి గోడల మీద బండి తిప్పేవాళ్లను అందరూ చూసి ఉన్నారు కాబట్టి, నేనూ అదే చేస్తానని తేల్చేశారు. నన్ను ‘మౌత్ కా కువా’, అంటే చావు బావి, అనే పిలిచేవారు. మొదట్లో నాకు కోపమొచ్చి, పక్కింటి పెద్దాయన్ను కూర్చోబెట్టి అరగంట వివరించాను. అంతా శ్రద్ధగా విని, “అయితె బావి గూడ ఉండదా?” అని జాలిగా అడిగాడు. ఆ తర్వాత వివరించడం మానేశాను.

నేను మొదలుపెట్టింది పందొమ్మిదో ఏట, పురానాపూల్ కింద మూసీ ఎండిపోయిన చోట. చెత్తా మట్టీ పోసి ఎత్తయిన దిబ్బలుండేవి. ఎవరో వాడి పారేసిన బండిని వాటి మీదుగా ఎగరేసేవాణ్ని. ఒకరోజు వంతెన మీద స్కూటర్ ఆపి ఒకాయన కిందికి దిగొచ్చాడు. మెచ్చుకుంటాడనుకున్నాను. “బండి ఏడుస్తుంది. వినపడ్తలేదా నీకు?” అన్నాడు. చెయిన్ ఎంత వదులుగా ఉందో వేలితో లాగి చూపించి, కార్వాన్‌లో తన షెడ్డుకు రమ్మని చెప్పి వెళ్లిపోయాడు. ఆయనే నా ఉస్తాద్. అప్పటి నుంచి ఎనిమిదేళ్లు నా బండ్లను ఆయనే చూశాడు. ఒక పెద్ద టీం నన్ను తీసుకుంటానన్నప్పుడు, నా మెకానిక్ లేకుండా రానని మొండికేశాను. వాళ్లు ఆయనకూ టీం చొక్కా ఇచ్చారు, వీపు మీద నా నంబరుతో. ఆయన దాన్ని శుక్రవారం నమాజుకు కూడా వేసుకెళ్లేవాడు.

ఉస్తాద్ కంటే ముందు నాకు ఇంజన్ అంటే ఏంటో చూపించింది మా నాన్న, బాపు. బస్సు డిపోలో ముప్పై ఏళ్లు మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. చాలా లెక్కగల మనిషి. గ్రీజు గుడ్డను కూడా నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకునేవాడు. అమ్మ ప్రతి రేసుకూ ముందు నా చేతికి దారం కడుతుంటే, “నట్టు బిగిస్తె సాలదా, దారం గూడ బిగియ్యాల్నా?” అని ఏడిపించేవాడు. అమ్మ జవాబిచ్చేది కాదు, ఇంకో ముడి వేసేది. నా రేసుకు మాత్రం బాపు ఒక్కసారి కూడా రాలేదు. “బస్సు ఎగిరితె మమ్ముల సస్పెండ్ చేస్తుండె. నీకు ఎగిరినందుకు కప్పు ఇస్తున్రు. నాకు సమజ్ కాదు బిడ్డా, నువ్వే పో” అనేవాడు. కప్పులన్నీ తుడిచి అల్మారాలో వరుసగా పెట్టేది కూడా ఆయనే.

ఆపరేషనైన మూడో రోజు టీం మేనేజర్ ఆసుపత్రికి వచ్చాడు. మంచివాడే. పండ్లు తెచ్చాడు, అమ్మను ధైర్యంగా ఉండమన్నాడు. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించాడు.

“రిపోర్ట్ రాయాలి. రైడర్ మిస్టేకా, మెకానిక్ మిస్టేకా, ఏదో ఒకటి పైకి పంపాలి. రైడర్ వైపు తప్పని తేలితే వచ్చే సీజన్ నీ సీటు నేను కాపాడలేను. రూల్ నీకు తెలుసు కదా, మెకానిక్ తప్ప బండి మీద ఎవరు చెయ్యి వేసినా అది రైడర్ పూచీయే. అసలేం జరిగింది?”

యాక్సిలరేటర్ ఇరుక్కుపోయిందని చెప్పాను. ఎందుకు ఇరుక్కుందని అడిగాడు. నాకు తెలియదు. తెలియదని చెప్పి ఊరుకోవచ్చు. కానీ నా కాలు ఇనుప చట్రం మీద ఎత్తిపెట్టి ఉంది, వయసు ఇరవై ఏడు, ఈ సీటు పోతే ఇంకో సీటు దొరకదని ఆయనకూ నాకూ తెలుసు. “ఎయిర్ బాక్స్ మూత సరిగ్గా పెట్టి ఉండడు. దుమ్ము లోపలికి పోయి ఉంటుంది” అన్నాను. గాలి ఇంజన్‌లోకి వెళ్లేముందు వడపోసే జాలి ఉండే డబ్బా అది, సీటు కింద ఉంటుంది. దాని మూత పెట్టేది ఉస్తాదే. మేనేజర్ ఫోన్‌లో రాసుకుని, నా భుజం తట్టి వెళ్లిపోయాడు. నా నోటి నుంచి అంత తేలిగ్గా ఆ మాట ఎలా వచ్చిందో ఆ రోజంతా నాకు అర్థం కాలేదు. తలగడ పక్కన కమలాపండ్లు చూస్తూ పడుకున్నాను.

వారం తిరగకుండానే ఉస్తాద్‌ను టీం నుంచి తీసేశారు. ఆ సంగతి ఆయన నాకు చెప్పలేదు. మేనేజర్ మెసేజ్ పెట్టాడు. అప్పటికే ఉస్తాద్ రెండుసార్లు ఆసుపత్రికి వచ్చి వెళ్లాడు, రెండోసారి మాత్రం మామూలు చొక్కాలో. నా కాలి వేళ్లు ఒక్కొక్కటే కదిలించమని చూసి, “చలో, పని చేస్తున్నయ్” అన్నాడు.

చంకకర్రలతో నడవడం వచ్చాక, ఒక మధ్యాహ్నం ఆటో కట్టించుకుని కార్వాన్ వెళ్లాను. పోటీ తర్వాత దెబ్బతిన్న బండిని షెడ్డుకే చేర్చారని తెలుసు. క్షమాపణ చెప్పాలనే వెళ్లానని రాయడం బాగుంటుంది. నిజానికి మూత సంగతి తేల్చుకోవడానికి వెళ్లాను. ఆయన నిజంగానే మూత సరిగ్గా పెట్టలేదని తెలిస్తే నేను చెప్పింది అబద్ధం కాకుండా పోతుందని ఆశ.

“ఫోన్ చేస్తె నేనే వస్తుంటి గదా బేటా. ఈ కాలుతోని ఎందుకొచ్చినవ్” అని ఉస్తాద్ ప్లాస్టిక్ స్టూలు తుడిచి వేశాడు. బండి మూల తాడిపత్రి కింద ఉంది. విప్పి చూపించమన్నాను. “ఏముంది చూసేటందుకు? దుమ్ము పోయింది. నాదే గల్తీ. ఛాయ్ తాగు” అన్నాడు. ఆయన అలా వెంటనే ఒప్పేసుకోవడం నాకు నచ్చలేదు. ఎనిమిదేళ్లలో ఏ తప్పునూ ఆయన గొడవ పడకుండా ఒప్పుకున్నది లేదు. ఒకసారి బ్రేక్ వైరు గురించి నాతో మూడు రోజులు మాట్లాడలేదు. నేను స్టూలు మీంచి లేచి చంకకర్రతోనే తాడిపత్రి లాగేశాను. కార్బురేటర్ అప్పటికే ఊడదీసి ఉంది. పక్కనే బల్ల మీద ఒక అగరుబత్తి డబ్బా. తెరిచాను.

అందులో చిరిగిన ఎర్ర గుడ్డ మూట, కొన్ని పసుపు బియ్యపు గింజలు. అక్షింతలు. ఒక గింజ సగానికి చితికి, నూనె మురికితో నల్లబడి ఉంది.

ఉస్తాద్ ఛాయ్ గ్లాసు కింద పెట్టాడు. కార్బురేటర్‌లో పైకీ కిందికీ జారుతూ గాలిని వదిలే చిన్న గొట్టం ఉంటుంది. యాక్సిలరేటర్ వదలగానే అది కిందికి జారాలి. దాన్ని చేతిలోకి తీసుకుని, పక్కన పడ్డ గీతను నాకు చూపించాడు. మూట ఎయిర్ బాక్స్‌లో ఉంది. జంపుల మీద అది ఎగిరెగిరి పడి జాలిని అంచు నుంచి తోసేసింది, గుడ్డ చిరిగింది, గింజలు లోపలికి పోయాయి. వాటిలో ఒకటి ఈ గొట్టానికీ గోడకూ మధ్య ఇరుక్కుంది. అంతే. ఒక బియ్యపు గింజ. తొడలో రాడ్డు, ఎనిమిది స్క్రూలు, అన్నీ ఒక గింజ పని.

“అమ్మ” అన్నాను చివరికి.

“ఎవలైతె ఏంది? ఇంట్ల అడగకు. నాకు మాట ఇయ్యి” అన్నాడు ఉస్తాద్. “నా నౌకరీ ఎట్లగూ పోయింది. నీ సీటన్న ఉండనియ్యి.”

నేను మాట ఇవ్వలేదు. అగరుబత్తి డబ్బా జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చాను. దారంతా అమ్మ మీద కోపమే. చేతికి కట్టిన దారాలన్నీ గుర్తొచ్చాయి, అవి విప్పనందుకు నా మీద నాకే కోపం. అమ్మ బియ్యం ఏరుతూ కూర్చుని ఉంది. బాపు కిటికీ దగ్గర పేపరు చదువుతున్నాడు. డబ్బా తీసి అమ్మ చేటలో బోర్లించాను.

“ఇది నా బండిల దొరికింది. దీని వల్లనే పడ్డ. నీ దారాలు సాలలేదని ఇంజన్ల గూడ పెట్టినవా?”

అమ్మ గుడ్డను వేళ్లతో సాపు చేసి చూసింది. ఆమె ముఖంలో భయం ఏమీ లేదు, చిరాగ్గా చూసింది నా వైపు. “జాకెట్ ముక్క నాదే. మూట నేను కట్టలే. ఇంజన్ల ఎవలన్న బియ్యం పోస్తర్రా? నాకంత తెలివి లేదనుకుంటున్నవా?”

“ఆమెనెందుకంటవ్” అన్నాడు బాపు. పేపరు దించలేదు. “నేనే పెట్టిన.”

అమ్మ చేట కింద పెట్టేసింది. మేమిద్దరం పేపరు వైపే చూస్తున్నాం. దాని వెనక నుంచి బాపు ఇంకేమైనా అంటాడేమో, నవ్వుతాడేమో అని ఎదురుచూశాను. దారాన్ని వెక్కిరించిన మనిషి, గ్రీజు గుడ్డను మడతలు పెట్టే మనిషి, జాలి దగ్గర దుమ్ము కూడా ఉండకూడదని నాకు నేర్పిన మనిషి. మా ఇంట్లో ఆ మాట ఎవరి నోటి నుంచి వచ్చినా నమ్మేవాణ్ని, ఆయన నోటి నుంచి తప్ప.

బాపు పేపరు మడిచాడు. రేసు ముందటి శుక్రవారం ఉస్తాద్ కోసం షెడ్డుకు అన్నం డబ్బా తీసుకెళ్లాడట. ఉస్తాద్ నమాజుకు వెళ్లి ఉన్నాడు. బండి ఒక్కటే ఉంది. సీటు ఎత్తి మూట పెట్టి, మళ్లీ బిగించి, ఉస్తాద్ వచ్చేదాకా కూర్చుని వచ్చేశాడు.

“డిపోల ఘాటు రోడ్డు బస్సులకు మేమందరం ఇట్లనే మూట పెడుతుంటిమి” అన్నాడు. “ముందట నిమ్మకాయ కడితె ఊగి ఊగి పడిపోతది. ఎయిర్ క్లీనర్ డబ్బ మస్తు పెద్దగుంటది, అండ్ల మూలకు పెడితె ఏం గాదు. డ్రైవర్లకు గూడ తెల్వదు. ముప్పై ఏండ్లల నా బస్సు ఒక్కటి లోయల పడలే.”

“నువ్వు దేవుణ్ని నమ్మవు గదా బాపు.”

“నమ్మ. ఘాటు రోడ్డును గూడ నమ్మ నేను. రాత్రిపూట యాబై మందిని ఎక్కించుకొని పోతది బస్సు. నా చెయ్యి చేసేది చేసినంక ఇంకేం చెయ్యాలె?” ఆగాడు. “బస్సు ఎగరదు బిడ్డా. అది యాదికి రాలే నాకు. మూల పెట్టింది మూలనే ఉంటదనుకున్న.”

అప్పటికి నా కోపం ఎటుపోయిందో తెలియదు. ఉస్తాద్ నౌకరీ పోయిందనీ, నిజం చెబితే నా సీటు పోతుందనీ ఆ రాత్రి ఆయనకు చెప్పాను. మరునాడు పొద్దున్నే బాపు తెల్ల చొక్కా వేసుకుని తయారయ్యాడు. ఉస్తాద్‌కు తన నోటితోనే చెప్పాలన్నాడు. చెప్పాక, నా చేత మేనేజర్‌కు ఫోన్ చేయిస్తానన్నాడు. ఆయన పట్టుదల చూసి నాకు భయమేసింది, ఎందుకంటే ఫోన్ చేస్తే నా సీటు పోతుంది. అలా భయపడుతున్నందుకు సిగ్గూ వేసింది.

బాపు చెప్పిందంతా ఉస్తాద్ తలవంచుకుని విన్నాడు. “మీ గల్తీ గాదు అన్నా. కేబుల్ పాతది, అదే పట్టేసింది. గింజది ఏం లేదు” అన్నాడు. అబద్ధమని నాకు తెలుసు, నిన్న ఆయనే గీత చూపించాడు. బాపు చెయ్యి చాపాడు. ఉస్తాద్ తప్పనిసరై ఆ చిన్న గొట్టం ఆయన చేతిలో పెట్టాడు. బాపు కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, వెలుగు వైపు తిప్పి, గీత మీద గోరు ఆనించాడు. ఆయన గోరు ఆ గీతలో ఆగింది.

“మూత నువ్వే పెట్టినవ్ గదా భాయ్, రేసు రోజు” అన్నాడు.

ఉస్తాద్ చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

“జాలి కడిగి, నూనె పూసి పెట్టకుండ రేసుకు పంపవు నువ్వు. మరి మూట కనిపియ్యలేదా?”

అప్పటిదాకా ఆ ప్రశ్న నాకు తట్టలేదు. రేసు పొద్దున ఉస్తాద్ ఎయిర్ బాక్స్ విప్పడం నేను కళ్లారా చూశాను. విప్పినవాడికి ఎర్ర మూట కనిపించకుండా ఎలా ఉంటుంది?

“కనిపించింది” అన్నాడు ఉస్తాద్ చాలా మెల్లగా. “అమ్మ పెట్టిందనుకున్న. తీసిన. చేతిల పట్టుకున్న. ఎక్కడ పెట్టాల్నో సమజ్ కాలే. కింద పెడ్తె పాపం, జేబుల పెట్టుకుంటె నాది గాదు. ఒక తల్లి మొక్కుకున్న దువాను నా చేతితోని ఎట్ల తీసేస్త అన్నా? రేపు పిలగానికి ఏమన్న అయితె, నేను తీసినందుకే అయిందనిపియ్యదా? ఇంకో ముడి గట్టిగ ఏసి, అక్కడనే పెట్టిన.”

బాపు గొట్టాన్ని బల్ల మీద విసిరికొట్టాడు. ఆయన గొంతు అంత పెద్దగా లేవడం నేనెప్పుడూ వినలేదు. “మెకానిక్‌వి గావా నువ్వు? చూసి తియ్యవా?”

“మీరు గూడ మెకానికే గదా అన్నా” అన్నాడు ఉస్తాద్.

పక్క షాపులో గ్రైండింగ్ మిషన్ ఆగింది. ఎవరో తొంగిచూసి వెళ్లిపోయారు. బాపు నేను కూర్చోవాల్సిన స్టూలు మీద కూర్చుండిపోయాడు. ఇంజన్ల మధ్య జీవితమంతా గడిపిన ఇద్దరు, ఆ మూట అక్కడ ఉండకూడదని తెలిసిన ఇద్దరు. నాకు ఇద్దరిలో ఎవరి మీదా కోపం తెచ్చుకోవడం చేతకాలేదు.

గ్రైండింగ్ మిషన్ మళ్లీ మొదలయ్యాక బాపు లేచాడు. ఫోన్ చెయ్యమంటాడని జేబులో చెయ్యి పెట్టాను. ఆయన నా వైపు తిరగలేదు. ఉస్తాద్‌తో అన్నాడు: “ఇప్పుడు చెప్తె పిలగాని సీటు పోతదట. నీ నౌకరీ తిరిగిస్తరా అంటె, అదీ ఇయ్యరు. మూట చూసి పెట్టినవంటె అసలే ఇయ్యరు.”

“నేను నిన్ననే చెప్పిన” అన్నాడు ఉస్తాద్. “చెప్పుడు వద్దు.”

అలా కుదిరిపోయింది. ఇంట్లోంచి బయల్దేరినప్పుడు నిజం చెప్పిస్తానన్న మనిషి, అరగంటలో మాట మార్చాడు. ఆ మార్పుకు నేను నిర్ఘాంతపోయాను కానీ అడ్డు చెప్పలేదు. అడ్డు చెప్పాల్సిన వాణ్ని నేనొక్కణ్నే. ఉస్తాద్ మా ఇద్దరికీ ఛాయ్ తెప్పించాడు. మేం తాగుతుండగానే ఫోన్ మోగింది. మేనేజర్. స్పీకర్ ఆన్ చెయ్యకపోయినా ఆయన గొంతు షెడ్డంతా వినిపిస్తుంది. కాలు ఎలా ఉందని అడిగి, డాక్టర్ ఎప్పుడు బండెక్కొచ్చన్నాడని అడిగి, “కొత్త మెకానిక్‌ని చూశాం. కుర్రాడు బాగానే ఉన్నాడు. నీకు ఓకేనా?” అన్నాడు.

ఉస్తాద్ నా ఎదురుగానే ఉన్నాడు. గ్లాసు పట్టుకుని నా వైపు చూసి, ఒప్పుకోమన్నట్టు తల ఊపాడు.

“ఓకే సార్” అన్నాను.

ఆ తర్వాత రెండు సీజన్లు నడిపాను. ఒకటి రెండో స్థానంలో ముగించాను, ఇంకోటి గెలిచాను. ఉస్తాద్‌ను మళ్లీ ఏ టీమూ పిలవలేదు, మెకానిక్‌ల లోకం చిన్నది. ఇప్పుడు స్కూటర్లు బాగు చేస్తాడు. నేను వెళ్తే ఛాయ్ తెప్పిస్తాడు, రేసుల గురించి అడుగుతాడు. ట్రాక్ దగ్గర కొత్తవాళ్లు చాలామంది, నీ పాత మెకానిక్ ఎందుకు మానేశాడని అడిగేవారు. ఎయిర్ బాక్స్ మూత సరిగ్గా పెట్టలేదని చెప్పేవాణ్ని. రెండేళ్లలో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. హెల్మెట్ తగిలించుకుంటూ చెప్పాను, అన్నం తింటూ చెప్పాను, ఒకసారి గెలిచిన కప్పు చేతిలో పట్టుకుని చెప్పాను. ఒక్కసారైనా నా గొంతు తడబడలేదు.